ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర: వెళ్లేముందు చాలామంది అడిగే ప్రశ్నలు

రాజమండ్రి వచ్చినవాళ్లు పుష్కర ఘాట్‌లో స్నానం చేసి, రోజ్ మిల్క్ తాగి, వంతెన దగ్గర నాలుగు ఫొటోలు దిగి రైలెక్కేస్తారు. పక్కనే ధవళేశ్వరం ఉంది, అక్కడ గోదావరి డెల్టా అంతటికీ అన్నం పెట్టిన కట్ట ఉంది అని చెబితే "ఆ, బ్యారేజీయే కదా, బస్సులోంచి చూశాం" అంటారు. బస్సులోంచి చూస్తే తెలిసేది కాదది. అందుకే ఎక్కువగా వినబడే ప్రశ్నలు, వాటికి నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ధవళేశ్వరంలో అసలు చూడ్డానికి ఏముంది?

ముందు నది. పాపికొండల మధ్య ఇరుకుగా వచ్చిన గోదారి ఇక్కడికి వచ్చేసరికి అవతలి ఒడ్డు ఆనవాలు పట్టడం కష్టమయ్యేంత విశాలంగా పరుచుకుంటుంది. ఆ వెడల్పుకి అడ్డంగా బ్యారేజీ, దాని పక్కనే కాలువల్లోకి నీళ్లు వదిలే తూములు, పడవలు దాటడానికి కట్టిన లాకులు, తొలి ఆనకట్ట కట్టించిన ఆంగ్లేయ ఇంజనీరు కాటన్ పేరుతో మ్యూజియం, కొండ మీద జనార్దన స్వామి గుడి. ఇవన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి.

కోటలూ రాజమహళ్లూ చూసిన కళ్లకి ఇదంతా సాదాగా అనిపించొచ్చు. శిల్పాలు లేవు, గోపురాల్లాంటివి లేవు. కానీ దేశంలో ఆ కాలపు కట్టడాలు చాలావాటికి ఇప్పుడు టికెట్టు కౌంటరు తప్ప వేరే పనిలేదు, ఇక్కడ మాత్రం నూట డెబ్బై ఏళ్ల కిందట గీసిన కాలువల్లో ఈరోజుకీ నీళ్లు పారుతున్నాయి, ఆ నీళ్లతో పండిన బియ్యం బహుశా మీ ఇంట్లోనూ ఉడుకుతోంది. నా దృష్టిలో దీన్ని మించిన స్మారకం లేదు.

ఇప్పుడు కనిపించేది కాటన్ కట్టిందేనా?

కాదు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది నూరేళ్లకి పైగా పనిచేసింది, మధ్యలో దాని ఎత్తు పెంచారు, పైన షట్టర్లు బిగించారు, గండ్లు పడితే పూడ్చారు. చివరికి అది బలహీనపడటంతో 1970 దశకంలో కొత్త బ్యారేజీ పని మొదలుపెట్టి 1982లో పూర్తిచేశారు. దానికే సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అని పేరు పెట్టారు. మీరు బస్సులో దాటేది ఇదే.

మరి కాటన్‌ది ఏం మిగిలింది అంటారా? కాలువలు మిగిలాయి. ఎక్కడ కట్ట వెయ్యాలి, ఏ ఒడ్డున ఏ కాలువ తియ్యాలి, నీళ్లు వాలు తప్పకుండా చివరి పొలం దాకా ఎలా వెళ్లాలి అని ఆయన వేసిన లెక్క మిగిలింది. కొత్త బ్యారేజీ కట్టినవాళ్లు కూడా ఆ లెక్కనే నమ్ముకున్నారు.

ఆనకట్ట రాకముందు ఇక్కడి పరిస్థితి ఏంటి?

ఇప్పటి కోనసీమ పచ్చదనం చూసినవాళ్లు నమ్మరు గానీ, ఇది అప్పట్లో కరువు ప్రాంతం. పక్కనే అంత పెద్ద నది పోతున్నా పొలానికి చుక్క ఎక్కేది కాదు, ఎక్కితే వరదై ముంచేది. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరుని తుడిచిపెట్టింది, గోదావరి జిల్లాలనీ వదల్లేదు. జనం తిండి వెతుక్కుంటూ ఊళ్లు వదిలిపోయారు, పోలేనివాళ్లు పోయారు. దాని మీద 1839లో కోరంగి తీరాన ఉప్పెన. 1821లో ఏడు లక్షల పైచిలుకు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా, ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో అయిదున్నర లక్షల చిల్లరకి పడిపోయింది.

ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒకే జిల్లాలో ఇంచుమించు నలుగురిలో ఒకరు లేకుండా పోయారు.

కాటన్ ఎవరు? ఇంజనీరా, కలెక్టరా?

మిలిటరీ ఇంజనీరు. ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న పుట్టాడు, పద్దెనిమిదేళ్ల వయసులో 1821లో మద్రాసు వచ్చాడు. గోదావరికి ముందు కావేరి మీద పనిచేశాడు, తంజావూరు డెల్టా కోసం అక్కడ 1836లో ఆనకట్టలు కట్టాడు. రాజమండ్రి జిల్లా దుస్థితి మీద 1844లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి నివేదిక రాసి, కావేరి మీద పని చేసిన కాటన్‌ని పిలిపించమని సూచించాడు. అలా వచ్చాడు. జిల్లా అంతా తిరిగి చూసి, లెక్కలు కట్టి, ప్రభుత్వాన్ని ఒప్పించేసరికి రెండేళ్లు పట్టింది, 1846 చివర్లో అనుమతి వచ్చింది.

పని మధ్యలో ఆరోగ్యం పాడై 1848లో ఆస్ట్రేలియా వెళ్లాల్సివచ్చింది. అప్పుడు కెప్టెన్ ఓర్ పని నడిపించాడు, 1850లో కాటన్ తిరిగొచ్చాడు. ఈ ఓరే తర్వాత బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట కూడా కట్టించాడు. కాటన్‌కి 1861లో సర్ బిరుదు ఇచ్చారు. 96 ఏళ్లు బతికి 1899లో పోయాడు.

ఇసుక మీద అంత పెద్ద కట్ట ఎలా నిలబడింది?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

ధవళేశ్వరం దగ్గర గోదారి అడుగున బండరాయి లేదు, లోతుగా ఇసుకే. మామూలుగా అయితే బండ తగిలేదాకా తవ్వి పునాది వెయ్యాలి. ఇక్కడ ఆ పని చేస్తే డబ్బూ చాలదు, రెండు వరదల మధ్య దొరికే కాలమూ చాలదు. కాటన్ వేరే దారి పట్టాడు. ఇసుకలో వరసగా బావులు దించాడు, లోతు ఆరడుగులే. వాటి మీద గోడలు లేపి, గోడల మధ్య ఇసుక నింపి, పైన రాతి కట్టుబడి పరిచాడు. దిగువ వైపు నీళ్లు దూకే చోట పెద్ద పెద్ద రాళ్లు కుప్పలుగా పోయించాడు. వరద ఆ రాళ్ల కింద ఇసుకని కోస్తే రాళ్లు కిందికి జారి ఆ గుంటని అవే పూడ్చేస్తాయి, పైన మళ్లీ రాళ్లు వేస్తే చాలు. అలా ఏటేటా సర్దుకుంటూ కట్ట గట్టిపడుతుంది. దాదాపు 12 అడుగుల ఎత్తు, లంకల్ని, అంటే నది మధ్య దీవుల్ని, వదిలేసి రాతి కట్టుబడి ఒక్కటే మూడున్నర కిలోమీటర్ల పైన.

ఈ ఉపాయం ఆయన ఇంగ్లండు నుంచి తెచ్చింది కాదు. తంజావూరు దగ్గర కరికాల చోళుడు కట్టించాడని చెప్పుకునే కల్లణై ఆనకట్ట దగ్గర నేర్చుకున్నాడు. ఇసుక నదిలో విడిరాళ్లు పోసి, అవి కుంగే కొద్దీ మళ్లీ పోస్తూ నిలబెట్టిన కట్ట అది. మన పాతకాలపు పనివాళ్ల దగ్గరే ఈ విద్య నేర్చుకున్నానని కాటన్ దాచకుండా చెప్పాడు. ధవళేశ్వరం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి, చాలామంది చెప్పరు.

రాయి ఎక్కణ్ణుంచి అంటే, ఒడ్డునే ఉన్న ధవళేశ్వరం కొండ నుంచి. అక్కడ రాళ్లు కొట్టి నది దాకా తేవడానికి ప్రత్యేకంగా పట్టాలు వేశారు. బొంబాయి నుంచి ఠాణాకి 1853లో రైలు నడవకముందే, 1840ల్లోనే, ఇక్కడ రాళ్ల బళ్లు పట్టాల మీద నడిచాయి.

ఖర్చెంత అయింది?

మొదటి అంచనా నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయల చిల్లర. పూర్తయ్యేసరికి 15 లక్షల దాకా వెళ్లింది.

వీణెం వీరన్న పేరు వింటుంటాం, ఆయన పాత్ర ఏంటి?

కాటన్‌కి కుడిభుజం. వేలమంది కూలీల్ని సమకూర్చడం, వాళ్లతో పని చేయించడం, సామాను అందించడం లాంటివన్నీ చూసుకున్న తెలుగు ఇంజనీరు. దొరకి భాష రాదు, ఊళ్లు తెలియవు, ఏ మాటకి జనం కదులుతారో తెలియదు. వీరన్న లేకపోతే కాగితం మీది ప్లాను నది మీదికి దిగేది కాదు. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని పెద్ద ఊరు ఉండదు, వీరన్న పేరు మాత్రం అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. నాకు ఇది బాధగానే ఉంటుంది.

ఇక రాళ్లు కొట్టినవాళ్లు, నడుంలోతు నీళ్లలో నిలబడి బావులు దించినవాళ్లు, తట్టలు మోసిన ఆడవాళ్లు, వీళ్ల గురించి తలచుకునేవాళ్లే లేరు. కాటన్ విగ్రహానికి దండ వేసేటప్పుడు వాళ్లనీ ఒకసారి తలచుకోవాలి.

బ్రిటిష్ వాళ్లు మన మీద ప్రేమతో కట్టారా, శిస్తు కోసం కట్టారా?

కంపెనీ ప్రభుత్వం శిస్తు కోసమే ఒప్పుకుంది. జనం లేకపోతే సాగు లేదు, సాగు లేకపోతే వసూళ్లు లేవు, అందుకే కదిలింది. ఖర్చు పెట్టిన దానికి ఎన్నో రెట్లు తర్వాత రాబట్టుకుంది కూడా. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు.

కాటన్ సంగతి వేరు అని నా అభిప్రాయం. ఆయనా ఆ ప్రభుత్వంలో మనిషే, లాభం లెక్కలు చూపించి పై అధికారుల్ని ఒప్పించాడు. కానీ రైళ్ల మీద కోట్లు కుమ్మరించే బదులు కాలువలు తవ్వితే కరువులు ఆగుతాయి, సరుకూ చవగ్గా వెళుతుంది అని బతికినంత కాలం వాదించాడు, దానివల్ల సొంత వాళ్లతోనే మాటలు పడ్డాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ ప్రశ్నలే ఎదుర్కొన్నాడు. కరువు దేవుడి శాపం, మనమేం చెయ్యగలం అని పెద్దపెద్దవాళ్లు చేతులు దులుపుకున్న రోజుల్లో, కాదు, అది మనం నీళ్లు కట్టకపోవడం వల్ల వచ్చింది అన్న మనిషి. పరాయి పాలన అన్యాయం అని చెబుతూనే ఈ ఒక్క మనిషికి దణ్ణం పెట్టడంలో నాకు ఏ ఇబ్బందీ కనిపించదు, గోదావరి రైతులు ఎప్పణ్ణుంచో అలాగే చేస్తున్నారు.

స్నాన సంకల్పంలో కాటన్ పేరు చెబుతారట, నిజమేనా?

నిజమే. గోదావరి స్నానపుణ్యం రోజూ దక్కేలా చేసిన ఆంగ్లేయుడు కాటన్ అనే భగీరథుణ్ణి స్మరిస్తున్నాను అనే అర్థం వచ్చే సంస్కృత శ్లోకం ఒకటి ఈ ప్రాంతంలో బాగా తెలిసిందే. ప్రతి పురోహితుడూ ప్రతిసారీ చదువుతాడని కాదు, తెలిసినవాళ్లు చదువుతారు. మే 15న ఆయన పుట్టినరోజుకి ధవళేశ్వరంలో పూలదండలు వేస్తారు. చాలా ఊళ్లలో గుర్రం మీద కూర్చున్న కాటన్ విగ్రహం ఉంటుంది, అవి చాలావరకూ రైతులు పెట్టుకున్నవే.

బ్యారేజీ ఒకటే పొడుగ్గా ఎందుకు లేదు, ముక్కలు ముక్కలుగా ఉందేంటి?

నది అక్కడ అలా చీలింది కాబట్టి. పిచ్చుకలంక లాంటి లంకలు మధ్యలో ఉండటంతో నాలుగు పాయలయ్యాయి: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఒక్కోదానికి ఒక్కో కట్ట. ఇప్పటి బ్యారేజీ గేట్లు వరసగా 70, 43, 23, 39, మొత్తం 175. మొదటి రెండు పాయల నీళ్లు కిందికి పోయి గౌతమి అవుతాయి, మిగతా రెండూ వశిష్ఠ. ఈ రెండిటి మధ్య ఉన్నదే కోనసీమ.

కాలువలు కూడా మూడు వైపులా. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టా, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా. అన్నీ కలిపి పది లక్షల ఎకరాల ఆయకట్టు. సార్వా, దాళ్వా రెండు పంటలూ వీటి మీదే.

టీవీలో "మొదటి ప్రమాద హెచ్చరిక" అంటారు, అది ఇక్కడిదేనా?

ఇక్కడిదే. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంకెలు చిన్నగా కనిపిస్తాయి గానీ మూడో హెచ్చరిక అంటే దిగువ లంక గ్రామాల్లో జనం పశువుల్ని తోలుకుని గట్లెక్కుతున్నారని అర్థం.

1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పాతవాళ్లు ఇప్పటికీ ఏ వరద వచ్చినా "ఎనభై ఆరు అంతా ఉంటుందా" అనే అడుగుతారు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు ఆ టెన్షన్ మళ్లీ చూశాం. వరద రోజుల్లో గేట్లన్నీ ఎత్తేసి ఉంటాయి, ఎర్రటి నీళ్లలో చెట్ల మొద్దులూ గుర్రపుడెక్కా కొట్టుకొస్తుంటాయి, ఆ హోరులో పక్క మనిషి మాట వినబడదు. చూడాలనిపించడం సహజం, కానీ పోలీసులు ఆపితే వాదించకండి, రెయిలింగు ఎక్కి సెల్ఫీలు అసలే వద్దు.

లాకులంటే ఏంటి? పిల్లలకి ఎలా చెప్పాలి?

నదిలో నీళ్లు ఒక ఎత్తులో ఉంటాయి, కాలువలో ఇంకో ఎత్తులో. పడవ మెట్లు దిగలేదు. అందుకని మధ్యలో రాతి గోడలతో ఒక తొట్టి కట్టి రెండు చివర్లా తలుపులు పెట్టారు. నది నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, తొట్టిలో నీళ్లు నెమ్మదిగా కాలువలోకి వదులుతారు, పడవ ఉన్నచోటే కిందికి దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక ముందు తలుపు దానంతటదే వదులవుతుంది, తోస్తే తెరుచుకుంటుంది. అంతకుముందు ఎంతమంది తోసినా కదలదు, నీటి బరువే దాన్ని బిగించి పెడుతుంది. లారీలు రాకముందు ధాన్యం, కొబ్బరి, కలప, మనుషులు అంతా ఈ దారినే కాకినాడ దాకా వెళ్లేవి. లాకు గోడల పక్కన నిలబడి పైన ఒక మట్టం, కింద ఒక మట్టం పిల్లలకి చూపించండి, పుస్తకంలో పేజీలకి పేజీలు చదివినా రానిది అక్కడ అయిదు నిమిషాల్లో వస్తుంది.

మ్యూజియంలో ఏముంటాయి?

ఆనకట్ట ఎలా కట్టారో చూపించే నమూనాలు, పాత ఫొటోలు, పటాలు, అప్పటి పనిముట్లు, కాటన్ విగ్రహం. ముందు మ్యూజియం చూసి తర్వాత బ్యారేజీ ఎక్కండి. తిరగేసి చేస్తే బ్యారేజీ మీద నిలబడి ఏం చూడాలో తెలియదు. సమయం, టికెట్టు వివరాలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు కనుక్కోండి.

ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

నిండు గోదారి కావాలంటే జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా. హాయిగా తిరగాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు, కాబట్టి ఎండాకాలం వెళ్తే కాలువలు అడుగంటి కనిపిస్తాయి. కట్టుబడి మీద ఆసక్తి ఉన్నవాళ్లకి నిజానికి అదే మంచి సమయం, నీళ్లు దాచేసే రాతిపని అంతా బయటపడుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఆ రోజుల్లో జనసందోహంలో ఇది తీరిగ్గా చూడటం కుదరదు.

ఎలా వెళ్లాలి? ఎంతసేపు పడుతుంది?

రాజమండ్రి నుంచి పది కిలోమీటర్ల లోపే. బస్సులున్నాయి, ఆటోలున్నాయి. మ్యూజియం, లాకులు, గుడి, బ్యారేజీ కలిపి ఒక పూట పెట్టుకోండి. సొంత బండి ఉంటే బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్లి పూతరేకులు చుట్టేవాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు. ర్యాలిలో జగన్మోహినీ కేశవ స్వామి గుడి కూడా ఆ చుట్టుపక్కలదే, ఒకే రాతిలో ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని.

పులసకీ ఆనకట్టకీ సంబంధం ఉందా?

ఉంది. పులస చేప సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీదుతూ వస్తుంది. పూర్వం ఎగువకి వెళ్లేది, కట్ట వచ్చాక దాని దారి ఇక్కడ ఆగిపోయింది. అందుకే వరద నీళ్లు మొదలయ్యాక బ్యారేజీ దిగువన వలలు పడతాయి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ఉన్న ఊళ్లలో ఇప్పుడు పులసే కరువైంది, దొరికిన ఒక్క చేప వేల రూపాయలు పలుకుతుంది. డెల్టాకి అన్నం పెట్టిన కట్ట ఒక చేప దారి మూసేసింది, రెండూ నిజమే, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

రాజమండ్రి పాత రైలు వంతెన కూడా కాటనే కట్టాడా?

లేదు, చాలామంది కలిపేస్తారు. అది హేవలాక్ వంతెన. కాటన్ వెళ్లిపోయిన చాలా ఏళ్లకి 1897లో మొదలుపెట్టి 1900లో తెరిచారు, స్తంభాల మధ్య 56 ఖాళీలు, ఇంజనీరు వాల్టన్, పేరు అప్పటి మద్రాసు గవర్నరుది. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు.

కాటన్ కాలపు కట్టడం ఏదైనా అలాగే చూడాలంటే?

పి.గన్నవరం వెళ్లండి. కోనసీమలో వైనతేయ పాయ అవతల ఉన్న లంక భూములకి నీళ్లు అందాలంటే కాలువే నదిని దాటాలి. అందుకని నది మీద వంతెన కట్టి, ఆ వంతెన మీద కాలువని పారించారు. కింద గోదారి, పైన కాలువ. ఒక్కోటి 40 అడుగుల వెడల్పున్న 49 కమానులు, హేగ్ అనే కుర్ర లెఫ్టినెంటు 1850ల్లో కట్టించాడు. వరదలకి ముందు దొరికిన ఒక్క సీజన్‌లోనే దాదాపు పనంతా లాగేశారు. 2000లో దాని పక్కన కొత్తది కట్టి డొక్కా సీతమ్మ అక్విడక్ట్ అని పేరు పెట్టారు. సీతమ్మగారిది ఆ మండలంలోనే ఉన్న లంకల గన్నవరం, ఆకలితో గుమ్మంలోకి వచ్చిన ఎవరినీ అన్నం పెట్టకుండా పంపని ఇల్లాలు. కాటన్ నీళ్లు పారిన ఊళ్లో ఆ నీళ్లతో పండిన అన్నం పంచిన మనిషి పేరు పెట్టడం కన్నా సరైన పని ఇంకోటి లేదనిపిస్తుంది. ధవళేశ్వరం పొద్దున్నే ముగించుకుంటే బ్యారేజీ దాటి, రావులపాలెం మీదుగా మధ్యాహ్నానికల్లా అక్కడికి చేరుకోవచ్చు.